ఏసుబాబు మొక్కమన్న రేకు

ఈ పొద్దున మేడిపల్లి పిల్ల ప్రణీత తన గేరు సైకిల్ మీద నా కుట్టు మడిగె ముందు నుంచి పోయింది. నేను మిషన్ మీద నుంచి తల ఎత్తేసరికే మూల తిరిగిపోయింది. అంటే చప్పుడు లేదన్నమాట. మొన్నమొన్నటి దాకా ఆ సైకిల్ బస్టాండు దగ్గర ఉండగానే నాకు తెలిసిపోయేది. గరగరమని రాసుకుంటూ, బ్రేకు పట్టినప్పుడల్లా తోక తొక్కిన పిల్లిలా అరుస్తూ వచ్చేది. ఇవాళ ఆ నిశ్శబ్దానికి ఎంత హాయనిపించిందంటే, కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి, టీ తెప్పించుకుని, ఒక్కదాన్నే కూర్చుని తాగాను.

ఒక సైకిల్ బ్రేకుకు ఇంత సంబరమా అనుకుంటారేమో. అది బ్రేకు సంగతి ఒక్కటే అయితే నేనూ పట్టించుకోకపోదును. పక్క మడిగె ఏసుబాబు ఈ ఊళ్లో ఉంటాడా, మళ్లీ గల్ఫ్ విమానం ఎక్కుతాడా అన్నది ఆ సైకిల్‌కు ముడిపడింది. ఆ ముడి వేసుకున్నది అతనే. మేమెవరం వేయలేదు.

నా పేరు లీల. కోరుట్లలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. మా ఆయన సంపత్ బహ్రెయిన్‌లో ఉంటాడు. రెండేళ్లకోసారి వచ్చి, వచ్చిన రోజు నుంచే తిరిగి పోయే రోజు గురించి మాట్లాడతాడు. నాకు అలవాటైపోయిందని అందరికీ చెబుతాను. అబద్ధం, అలవాటు కాలేదు. అందుకే ఒక మగమనిషి గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, పక్కనే నాలుగు పానాలు గోడకు తగిలించుకుని, పెళ్లాంబిడ్డలతో బతకాలని చూస్తుంటే నాకు ముచ్చటేసింది. గోడ అవతల నుంచి రోజంతా అతని సుత్తి దెబ్బలు వినిపిస్తున్నా ఓర్చుకున్నాను. మామూలుగా నేను ఓర్చుకునే రకం కాదు.

ఏసుబాబుది సిరిసిల్ల. తాతల నాటి నుంచి వాళ్లకు గుంట భూమి లేదు. తండ్రి సాంచెల మీద పనిచేశాడు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఇంటికి అటూ ఇటూ సాంచెలే కాబట్టి ఏసుబాబు ఆ మోతలోనే పుట్టి, ఆ మోతలోనే నిద్రపోవడం నేర్చుకున్నాడు. పెద్దయ్యాక తనూ సాంచె నడిపాడు. పని ఒక నెల ఉండి ఒక నెల లేకుండా పోతుంటే అందరిలాగే పాస్‌పోర్టు తీసి షార్జా పోయాడు. అక్కడ ఒక సైకిళ్ల దుకాణంలో పని. పెట్టెల్లో ముక్కలుగా వచ్చే గేరు సైకిళ్లను బిగించి, గుట్టలెక్కేవాళ్లకూ ఇసుకలో తొక్కేవాళ్లకూ సిద్ధం చేసి ఇవ్వాలి. మొదట్లో ఆ గదిలో మరీ నిశ్శబ్దంగా ఉందని నిద్ర పట్టేది కాదట. టేబుల్ ఫ్యానుకు అట్టముక్క తగిలేలా పెట్టుకుని, ఆ టపటప చప్పుడు వింటూ పడుకునేవాడినని చెబితే పడీపడీ నవ్వాను.

అందుకేనేమో, సైకిల్ బాగు చేసేటప్పుడు కళ్ల కన్నా చెవులనే ఎక్కువ నమ్ముతాడు. చక్రాన్ని తిప్పి వదిలి, కళ్లు మూసుకుని, తల వంచి వింటాడు. పని కుదురుతుంటే గొంతులో ఏదో చర్చి పాట సన్నగా మొదలవుతుంది. పని మొండికేస్తే ఆగిపోతుంది. గోడ ఇవతల కూర్చుని ఆ పాటను బట్టే అతని దుకాణం ఎట్లా నడుస్తోందో నేను చెప్పగలను.

భార్య కృపారాణిది కోరుట్లే. ఇక్కడొక ప్రైవేటు బడిలో ఆయాగా చేస్తుంది. వాళ్ల బిడ్డ మానస అదే బడిలో ఒకటో తరగతి. ఆ పిల్లకు అప్పటిదాకా తండ్రి అంటే ఫోన్‌లో కనిపించే మనిషే. అతను వచ్చి ఎదురుగా కూర్చున్నా, తను గీసిన బొమ్మను తెచ్చి అతని ముక్కుకు ఆనించి పట్టుకునేది. ఒకటి చూపించగానే రెండోది, రెండోది చూడకముందే మూడోది. ఎప్పుడు నెట్ పోతుందో తెలియదు కాబట్టి ఉన్నవన్నీ గబగబా చూపించేయాలన్న తొందర అది.

"నేను గీడనే ఉంట గద బిడ్డా, నిమ్మళంగ చూపెట్టు" అని ఏసుబాబు అనేవాడు. ఆ పిల్ల తల ఊపి, ఇంకో బొమ్మ తెచ్చి ముక్కుకు ఆనించేది. కృపారాణి ఈ సంగతి నాకు చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయింది. ఆ రోజు నా కుట్టూ వంకర పోయింది.

ఇప్పుడు పిల్లలంతా గేరు సైకిళ్లు ఫోన్‌లోనే కొంటున్నారు. అవి సగం బిగించి, సగం విప్పి పెట్టెల్లో దిగుతాయి. మిగతా సగం బిగించేవాడు కోరుట్లలో లేడు. అది చూసే ఏసుబాబు మడిగె తీసుకున్నాడు. ప్రణీత సైకిలూ అట్లాగే వచ్చింది. ఆమె తండ్రి హన్మండ్లు మస్కట్‌లో పనిచేస్తాడు. బిడ్డ కాలేజీకి బస్సు కోసం ఎదురుచూడకుండా ఉండాలని అక్కడి నుంచే సైకిల్ కొని మేడిపల్లికి పంపించాడు. తల్లి పొలం కోతల్లో ఉండటంతో నాయనమ్మ భూమవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని, ట్రాలీ ఆటోలో పెట్టె వేసుకుని దిగింది.

భూమవ్వ అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది. అందరూ ఎంత జోరు పోతుందని అడుగుతారు. ఆమె మాత్రం "గిది మంచిగ ఆగుతదా కొడుకా?" అంది.

అట్లా అడిగేసరికి ఏసుబాబుకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. చక్రం ఆమె ముందుకు తెచ్చి, మధ్యలో ఉన్న మెరిసే ఉక్కు పళ్లేన్ని చూపించాడు.

"చూడు అవ్వా, గిది పాత సైకిల్ లెక్క రబ్బరు బ్రేకు గాదు. గీ రేకు చక్రంతోని తిరుగుతది. బ్రేకు వత్తితె గీ రెండు ప్యాడ్లు రేకును అటు ఇటు గట్టిగ పట్టుకుంటయి. గప్పుడు చక్రం ఆగుతది. బండి పాణమంత గీ రేకులనే ఉన్నది. మొక్కుతె గీ రేకుకే మొక్కాలె."

భూమవ్వ వంగి ఆ రేకును చాలాసేపు చూసింది. ఆమె మంచినీళ్ల కోసం నా మడిగెలోకి వచ్చినప్పుడు, ఏసుబాబు ప్రణీతకు ఇంకో మాట కూడా చెప్పాడు. "నూనె గొలుసుకే పెట్టాలె. రేకుకు చుక్క గూడ తగలద్దు. తగిలితె బ్రేకు జారుతది." ఆ పిల్ల సరేనంది. ఆ రెండు మాటలూ ఒకేసారి ఇద్దరికీ చెప్పి ఉంటే ఈ కథ ఉండేదే కాదు.

పెట్టెలో వచ్చేటప్పుడు ఎక్కడో దెబ్బ తగిలి వెనుక రేకు కొంచెం వంగింది. చక్రం తిప్పితే ఒక్క చోట ష్‌మని రాసుకునేది. ఏసుబాబు చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. రేకు వెనుక తెల్ల కాగితం పట్టుకుని, ప్యాడ్లకూ రేకుకూ మధ్య అటు ఎంత వెలుతురు, ఇటు ఎంత వెలుతురు అని చూశాడు. వంగిన చోట రెండు వేళ్లతో కొద్దికొద్దిగా ఒత్తి సరిచేశాడు. ప్యాడ్లు ఉండే డబ్బా స్క్రూలు వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టుకుని, ఆ పట్టులోనే మళ్లీ బిగించాడు. అట్లా చేస్తే డబ్బా తనంతట తానే రేకుకు సరిగ్గా నడుమకు వస్తుందట. చక్రం తిప్పి వదిలాడు. చప్పుడు లేదు. పాట మొదలైంది. ప్రణీత ఎక్కి, రెండు చక్కర్లు కొట్టి, భూమవ్వ ముందు టక్కున ఆపి చూపించింది. భూమవ్వ ముఖం విప్పారింది.

పది రోజులు కాకముందే ఆ సైకిల్ అరుచుకుంటూ తిరిగొచ్చింది.

"బ్రేకు జారుతాంది అన్నా. పట్టినా ఆగుతలేదు. నువ్వు చూపెట్టినవు గద, గా తీగ దగ్గరి స్క్రూ, గది తిప్పి నేనే టైట్ చేసిన. గప్పటి సంది రాసుకుంటాంది" అంది ప్రణీత.

ఏసుబాబు స్క్రూ వదులు చేశాడు. డబ్బాను మళ్లీ నడుమకు తెచ్చాడు. రాపిడి పోయింది. కానీ బ్రేకు జారుడు పోలేదు. జారుతోందని ఆ పిల్ల ఇంటికాడ మళ్లీ బిగించుకునేది. బిగిస్తే ప్యాడ్లు దగ్గరికొచ్చి మళ్లీ రాసుకునేవి. వదులు చేస్తే ఆగదు, బిగిస్తే తిరగదు. జగిత్యాల పోయి కొత్త ప్యాడ్లు తెచ్చి వేశాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా ఆగింది. మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది. రేకు మీద ఎర్రగా ఏదో కనిపిస్తే మట్టి అనుకున్నాడు, తుప్పు అనుకున్నాడు. తన నల్లటి గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి పంపేవాడు. సైకిల్ హ్యాండిల్ మీదా సీటు కిందా బొట్లు ఉండేవి. వాటిని ఎవరూ చూడలేదు. బొట్టు లేని బండి మా దగ్గర ఎక్కడుంది?

గోడ అవతల పాట ఆగిపోయింది. మిగతా సైకిళ్లు చేస్తున్నప్పుడు కూడా ఆగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జగిత్యాల ఏజెంటు బాలకిషన్ ఫోన్ చేశాడు. షార్జా దుకాణం వాళ్లు ఏసుబాబునే మళ్లీ పంపమంటున్నారు, ఈ వారంలో మాట చెప్పాలన్నాడు. కృపారాణి బడి నుంచి వస్తూ నా దగ్గర ఆగింది. పని లేకపోయినా ఒక జాకెట్టు తెచ్చి హుక్కు వేయమంది. హుక్కు బాగానే ఉంది.

"ఏమంటున్నడు?" అన్నాను.

"ఏమంటలేడు అక్కా. సూట్‌కేసు మీది దుమ్ము తుడిచిండు. గంతే."

నేను ఊరుకునేదాన్ని కాదు కాబట్టి మర్నాడు పొద్దున్నే అతని మడిగెలోకి పోయి ఎదురుగా నిలబడ్డాను. విషయం ఏందని అడిగాను. ఏసుబాబు ప్రణీత సైకిల్ పెట్టే చోటు వైపు చూశాడు.

"షార్జల దినాం గిసొంటి బ్రేకులే చేసిన అక్కా. ఒక్కటి గూడ తిరిగి రాలే. గీడికి వచ్చినంక గీ ఒక్క సైకిల్ నా చేతికి చిక్కుతలేదు. నాకు పని వచ్చుడు గాదు, షార్జ సామాను, ఆడి మిషన్లు పని చేసినయేమో. గీ సైకిల్ కుదిరితె ఈడనే ఉంట. కుదరకపోతె బాలకిషన్‌కు ఊ అంట."

"సైకిల్‌ను అడిగి సంసారం చేస్తవా తమ్మీ?" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. నేను వచ్చి మిషన్ ముందు కూర్చుని, ఆ కోపమంతా పెడల్ మీద చూపించాను.

శనివారం పొద్దున ప్రణీత సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చింది. జడలో వడ్లు, పుస్తకాల సంచిలో వడ్లు, చెప్పు ఒకటి తెగిపోయి ఉంది. కోతలు కాబట్టి రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాగు దిగుడులో ఎదురుగా బర్రె వస్తే బ్రేకు పట్టింది. రెండు బ్రేకులూ అరిచాయి తప్ప ఆగలేదు. చేసేది లేక ఆ పిల్ల సైకిల్‌ను వడ్ల కుప్ప మీదికి తిప్పింది. వడ్లు కావలి కాస్తున్న ముసలాయన లేచి తిట్టిన తిట్లన్నీ మాకు అప్పజెప్పి, తనే నవ్వింది. మోచేయి దోక్కుపోయింది, ఇంకేం కాలేదు.

ఏసుబాబు నవ్వలేదు. ఆ పిల్లను కూర్చోబెట్టి, మోచేయి కడిగించి, సైకిల్‌ను స్టాండు మీదికి ఎక్కించాడు.

"కుప్ప లేకుంటె ఎట్లుండె?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు. తర్వాత నా వైపు తిరిగి, "సాయంత్రం జగిత్యాల ఫోన్ చేస్త అక్కా. ఇగ నాతోని కాదు" అన్నాడు.

ఏం మాట్లాడాలో తోచనప్పుడు నేను ఎవరినో ఒకరిని కసురుకుంటాను. అతను మళ్లీ ఆ నల్లటి గుడ్డ తీసి రేకు తుడవబోతుంటే, "గా గుడ్డ చూస్తెనే కడుపుల తిప్పుతాంది. గది తుడుస్తదా, ఇంకింత పూస్తదా?" అని, నా మడిగెలో కింద పడి ఉన్న తెల్ల లైనింగ్ ముక్కలు గుప్పెడు తెచ్చి అతని ఒళ్లో పడేశాను.

అతను ఒక ముక్కను స్పిరిట్‌లో ముంచి రేకును తుడిచాడు. గుడ్డ మీద కాషాయం రంగు పడింది. ఆ రంగు చుట్టూ తడి అంచు ఒకటి మెల్లగా పాకింది. స్పిరిట్ ఆరిపోయినా ఆ అంచు ఆరలేదు.

మిషన్ నూనె మరక పడిన బట్టలతో వేగి వేగి ఉన్నదాన్ని, ఆ అంచు చూడగానే గుర్తుపట్టాను. రంగును కూడా గుర్తుపట్టాను. శనివారం హనుమంతుడి గుడి నుంచి తిన్నగా వచ్చి కొలతలిచ్చే ఆడవాళ్ల వేళ్ల నుంచి అదే రంగు నా బట్టలకు అంటుకుంటుంది.

"గిది తుప్పు గాదు తమ్మీ. తుప్పుకు నూనె అంచు రాదు. గిది సింధూరం" అన్నాను.

ఇద్దరం ప్రణీత వైపు తిరిగాం.

"అవ్వ పెడ్తది గద" అంది ఆ పిల్ల, మామూలుగా. "కొండగట్టు అంజన్నది. మంగళారం, శనారం నూనెల తడిపి పెడ్తది. హ్యాండిల్‌కు, సీటుకు, గా రేకులకు."

"రేకుకు నూనె తగలద్దని నీకు చెప్పిన గద?" అన్నాడు ఏసుబాబు.

"నూనె గాదు గద అన్నా, బొట్టు."

నిజమే. సింధూరాన్ని ఎవరూ నూనె అనుకోరు. నన్నడిగినా అనుకోను. ఏసుబాబు కింద కూర్చుండిపోయాడు. తన రెండు చేతులనూ తిప్పి చూసుకున్నాడు. వాటి తప్పేమీ లేదని అప్పుడే తెలిసింది కదా. ముఖం మీద నవ్వు రాబోయింది. అది పూర్తిగా రాకముందే ఆగిపోయింది.

"అక్కా, నేను చర్చికి పోయేటోన్ని" అన్నాడు మెల్లగా. "అంజన్న బొట్టు నేను తుడుచుడు ఏంది? బ్రేకు కోసమని నీకు తెలుసు, నాకు తెలుసు. బయట గా మాట ఎట్ల తిరుగుతదో ఎవరికెరుక? ఒక్క మాట అటు ఇటు పోతె నా దుకాణానికి ఎవరస్తరు?"

నేను తిట్టబోయాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు. అతను భయపడటంలో తప్పు లేదు. మాట తిరగడం ఎట్లా ఉంటుందో ఒంటరిగా దుకాణం నడిపే ఆడదాన్ని, నాకూ తెలుసు.

"తెల్వక ఇగో గింత తుడిచిన. తెలిసినంక అవ్వకు చెప్పకుండ తుడువ" అని, ప్రణీతతో, "సైకిల్ గీడనే ఉంటది బిడ్డా. బస్సుల పో. సోమవారం అవ్వను తోల్కరా" అన్నాడు. సాయంత్రం బాలకిషన్‌కు ఫోన్ చేసి సోమవారం చెబుతానన్నాడు. ఆదివారం చర్చిలో అతను పాటలు పాడలేదట. కృపారాణి చెప్పింది.

సోమవారం భూమవ్వ వచ్చింది. వడ్ల కుప్ప సంగతి అప్పటికే విని ఉంది, సైకిల్ వైపు కోపంగా చూసింది. ఏసుబాబు ఆమెకు కుర్చీ వేశాడు. తను నిలబడే ఉన్నాడు. నేను కుట్టు ఆపి గుమ్మంలో నిలుచున్నాను. ఎవరైనా ఒక్క పెడమాట అంటే జవాబు చెప్పడానికి నోరు సిద్ధం చేసుకున్నాను.

"అవ్వా, కోపం చేసుకోకు. రేకుకు నూనె తగిలితె బ్రేకు జారుతది. సింధూరంల నూనె ఉన్నది. గందుకే సైకిల్ ఆగుతలేదు" అన్నాడు. ఒక్క గుక్కలో చెప్పేశాడు.

భూమవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆమె అన్న మాట మేము అనుకున్నది కాదు.

"అయితె నేను బొట్టు పెట్టవట్టే పిల్ల పడ్డదా?"

ఆమె గొంతు విని నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఏసుబాబు ఆమె ముందు గొంతుకూర్చున్నాడు.

"నీ బొట్టు పట్టి గాదు అవ్వా, నా మాట పట్టి. బండి పాణమంత గీ రేకులనే ఉన్నది, మొక్కుతె గీ రేకుకే మొక్కాలె అని నేనే అన్న. మర్చిపోయినవా?"

"మర్చిపోతనా? గందుకే రేకుకు పెట్టిన" అంది భూమవ్వ. కాస్త తేరుకుంది. "మొదలు చిన్న బొట్టే పెట్టిన కొడుకా. గది అరుసుడు మొదలువెట్టింది. నాకు భయమైంది. అరిచిన కొద్ది పెద్దగ పెట్టిన. మొన్న శనారమైతె రేకంత రాసిన."

పెట్టినకొద్దీ అరిచింది, అరిచినకొద్దీ పెట్టింది. ఈయనేమో ఇక్కడ బిగించినకొద్దీ వదులు, వదిలినకొద్దీ బిగింపు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వాక గానీ నవ్వకూడదేమో అనిపించలేదు. కానీ భూమవ్వ కూడా నవ్వింది, ముందు కొంచెం, తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా. ఏసుబాబు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల పట్టుకుని, చివరికి తనూ నవ్వాడు. అతని గుండెల మీది బరువు దిగడం నాకు కళ్లకు కనిపించింది.

"ఇటు తే గుడ్డ" అంది భూమవ్వ. "నేను పెట్టిన, నేనే తీస్త."

నేను కొత్త లైనింగ్ ముక్కలు కత్తిరించి ఇచ్చాను. ఏసుబాబు స్పిరిట్ పోసి చక్రం మెల్లగా తిప్పుతుంటే, ఆమె రేకును చంటిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచింది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదల్లేదు. రంగు పట్టిన ముక్కలను కింద పడనివ్వలేదు. తొక్కుడు పడకుండా చెట్టు మొదట్లో వేస్తానని మడిచి కొంగున కట్టుకుంది.

ఏసుబాబు చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. నూనె పీల్చిన ప్యాడ్లు తీసేసి కొత్తవి వేశాడు. స్క్రూలు వదులు చేసి, బ్రేకు పట్టుకుని, ఆ పట్టులోనే బిగించాడు. తెల్ల కాగితం వెనుక పెట్టి అటూ ఇటూ వెలుతురు చూశాడు. చక్రం తిప్పి, కళ్లు మూసుకుని, తల వంచాడు. భూమవ్వ కూడా ఊపిరి బిగబట్టి తల వంచింది. చక్రం తిరుగుతూనే ఉంది, ఏమీ వినిపించలేదు. కాసేపటికి అతని గొంతులో పాట మొదలైంది. ఎన్నాళ్లకో విన్న ఆ కూనిరాగానికి నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"మరి నేను బొట్టు ఏడ పెట్టాలె?" అంది భూమవ్వ. "మొత్తానికి వద్దంటె ఎట్ల? నా కొడుకు మస్కట్ సంది పంపిన సైకిల్. వాడు దగ్గర లేడు, వానికి పెట్టలేను. దీనికి పెడ్తె వానికి పెట్టినట్టనిపిస్తది."

ఏసుబాబు హ్యాండిల్ నడుమ ఉన్న లావు భాగం మీద చెయ్యి పెట్టాడు. "గీడ పెట్టు అవ్వా. ఎంత పెద్దగ పెట్టినా ఏం గాదు. ప్రణీత తొక్కినంత సేపు కండ్ల ముందల ఉంటది." ఆమె పెడుతుంటే సైకిల్ కదలకుండా తనే రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు మా ముందు నుంచి నలుగురైదుగురు పోయారు. ఒకాయన ఆగి చూసి, సైకిల్ బాగుంది అని వెళ్లిపోయాడు. మేము అంత భయపడిన లోకం అంతకు మించి ఏమీ అనలేదు.

భూమవ్వ లేచి, చెప్పులు తొడుక్కుంటూ, "మల్ల శనారం కొండగట్టు పోయి అస్త. వచ్చెటప్పుడు సైకిల్ చూపెట్టుకొని పోత. నువ్వు ఉంటవా?" అంది.

ఆమెకు బాలకిషన్ సంగతి తెలియదు. షార్జా సంగతి తెలియదు. శనివారం దుకాణం తీసి ఉంటుందా అని మాత్రమే అడిగింది. నేను గుమ్మంలో అట్లాగే ఉండిపోయాను. ఏసుబాబు చేతిలో పానా ఉంది. దాన్ని గోడకున్న మేకుకు తగిలించాడు.

"ఉంట అవ్వా" అన్నాడు.

భూమవ్వ పోయాక ఫోన్ తీసి, నా ముందే జగిత్యాలకు మాట్లాడాడు. "బాలకిషన్ అన్నా, నేను రాను. వేరేటోన్ని చూసుకో." అంతే. అవతల బాలకిషన్ ఇంకా ఏదో చెబుతుంటే, సరే అన్నా సరే అన్నా అంటూ పెట్టేశాడు. నేను లోపలికొచ్చి కుట్టిందే కుట్టాను. ఏడ్చాను కూడా, కానీ అది సంతోషానికి. మా సంపత్ గుర్తొచ్చినందుకు కూడా కావచ్చు. ఆ రాత్రి అతనికి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. అతను చాలాసేపు నవ్వి, హ్యాండిల్ మీది బొట్టు సంగతి మళ్లీ చెప్పమన్నాడు.

సాయంత్రం బడి వదిలాక కృపారాణి, మానస వచ్చారు. కృపారాణికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. రోడ్డు అవతల ఉండగానే పాట విన్నది. మడిగె ముందు మెట్టు మీద కూలబడి, ముఖం కొంగుతో తుడుచుకుంది. మానస సంచి విప్పి, ఆ రోజు గీసిన బొమ్మ తీసింది. ఏసుబాబు అలవాటుగా ముఖం ముందుకు పెట్టాడు. ఇంతలో వీధిలో పిల్లలెవరో ఆ పిల్లను పిలిచారు. మానస ఒక్క క్షణం అటు చూసి, ఇటు చూసి, కాగితాన్ని తండ్రి పానాల పెట్టె మీద పెట్టేసింది.

"రేపు చూడు డాడీ" అని చెప్పి ఆడుకోవడానికి పరుగెత్తింది.